నాలుగో చినుకు

క్వాన్ బింగ్‌ఫై పోయిన రోజున వాంకూవర్‌లో వాన లేదు. నవంబరులో ఆ ఊళ్లో అలాంటి రోజు దొరకడం కష్టం. పొద్దున్నే కిటికీలోంచి ఆకాశం చూసి, "ఇవాళ నా రాత మధ్యాహ్నానికే ఆరిపోతుంది" అని సంతోషపడి, సినిమా సెట్టుకి బయల్దేరడానికి స్టూలు మీద కూచుని ఒక బూటు వేసుకున్నాడు. రెండోది చేతిలో ఉండగానే తల గోడకి ఆనింది. వంటింట్లో జావ కలుపుతున్న భార్య సుత్‌యింగ్, తలుపు చప్పుడు ఇంకా వినపడలేదేమని గరిటెతోనే వచ్చి చూసింది.

ఆ తర్వాత మూడు వారాలు ఆగకుండా వాన పడింది.

బింగ్‌ఫై బోర్డులు రాసే మనిషి. పద్నాలుగో ఏట హాంగ్‌కాంగ్‌లో షాంఘై స్ట్రీటులో ఒక ముసలి గురువు దగ్గర కుంచె పట్టాడు. వాంకూవర్ వచ్చాక చైనాటౌన్‌లో బాతుమాంసం కొట్లకీ మూలికల కొట్లకీ రాశాడు. ఆ కొట్లు ఒక్కొక్కటే మూతబడ్డాక సినిమాలకి రాశాడు. ఆ ఊళ్లో సినిమాలు చాలా తీస్తారు గాని, ఏ సినిమాలోనూ అది వాంకూవర్‌గా కనిపించదు. ఒకసారి షాంఘై అవుతుంది, ఒకసారి సింగపూరు, ఒకసారి అంగారక గ్రహం. ఎక్కడైనా సరే చైనావాళ్ల సందు ఒకటి ఉండాలి, హీరో అందులోంచి పరిగెత్తాలి, పరిగెత్తేటప్పుడు వెనకాల బోర్డులు కనిపించాలి.

ఆ బోర్డులు రాయించేవాళ్లకి చైనా అక్షరం ఒక్కటి రాదు. మొదటి రెండు సినిమాలకీ బింగ్‌ఫై బుద్ధిగా అడిగిందే రాశాడు. మూడోదానికి ఇచ్చిన కాగితంలో, గూఢచారుల స్థావరం, గోడ మీద రాత భయం పుట్టించాలి అని మాత్రమే ఉంది. ఆయన బాగా ఆలోచించి, మనిషెత్తు అక్షరాలతో, 'పన్నెండో తారీఖున అత్తగారు వస్తున్నారు' అని రాశాడు. సినిమా హాల్లో అది చూసిన సుత్‌యింగ్ రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాతి సినిమాకి మాత్రం టిక్కెట్లు ఆవిడే తెచ్చింది.

అలా మొదలైంది. ఇంట్లో నోటితో చెప్పలేనివన్నీ ఆయన సినిమాల్లో చెప్పేవాడు. ఒక అంతరిక్ష నౌక తలుపు మీద, చుట్టూ ఎర్ర దీపాలు గిర్రున తిరుగుతుండగా, 'నీలం గిన్నె పగలగొట్టింది పిల్లి కాదు, నేనే' అని రాసి ఉంది. సుత్‌యింగ్ చీకట్లో ఎండు రేగుపండు చప్పరిస్తూ, "గిన్నె అన్న అక్షరంలో కొక్కెం గీత నీరసంగా ఉంది" అంది. గిన్నె సంగతి అంతటితో సరి.

ఆవిడ టీచరు. పెండర్ స్ట్రీటులో శనివారప్పూట చైనా బడిలో ముప్ఫై మూడేళ్లుగా పాఠం చెబుతోంది. ఒక్క గీత వంకర పోయినా ఎర్ర పెన్సిలుతో చుట్టేస్తుంది. అలాంటి మనిషి పేరునే బింగ్‌ఫై నలభై ఒక్క ఏళ్లు తప్పుగా రాశాడు. సుత్ అంటే మంచు. ఆ అక్షరం నెత్తిన వాన గుర్తు ఉంటుంది, ఆ వానలో చుక్కల్లా నాలుగు చినుకులుంటాయి. ఆయన మూడే వేసేవాడు. పెళ్లి పత్రికలో మూడు, ఇంటి తలుపు మీద మూడు. అడిగితే ఒకసారి రంగు అయిపోయిందనేవాడు. ఒకసారి, నాలుగోది మన కప్పులోంచి కారి బకెట్లో పడుతోంది కదా, అదే అనేవాడు. గట్టిగా నిలదీస్తే, "నాలుగూ పెట్టేస్తే నువ్వు నా రాత వంక చూస్తావా టీచరమ్మా?" అనేవాడు.

సమాధి రాయి చెక్కడానికి ఇద్దరి పేర్లూ కావాలన్నారు. పోయినవారి పేరు నల్లగానూ, పక్కన బతికున్నవారి పేరు ఎర్రగానూ వేస్తారు. వారి వంతు వచ్చినప్పుడు ఆ ఎరుపు నలుపవుతుంది. తన పేరు ఎర్రగా ఉండడానికి సుత్‌యింగ్‌కి అభ్యంతరం లేదు. బతుకంతా ఎర్ర పెన్సిలుతోనే గడిచింది. ఆయన చేత్తో రాసిన పాత కాగితమే నమూనాగా ఇచ్చింది. రెండో రోజున రాయి చెక్కేవాడు ఫోను చేసి, అమ్మా మీ పేరులో చినుకు తగ్గింది, నేను వేసేయనా, మీరే ఓ చుక్క పెట్టి పంపుతారా అని అడిగాడు. చెబుతానంది. ఆ కాగితం చలికాలమంతా బల్ల మీదే ఉంది, చక్కెర సీసా కింద.

ఫిబ్రవరి చివర కొరీన్ వచ్చింది. ఒకప్పటి శిష్యురాలు. తొమ్మిదేళ్ల వయసులో బడి మానేసి ఈత నేర్చుకోడానికి పోయిన పిల్ల. ఇప్పుడు ముప్ఫై దాటాయి, సినిమా కంపెనీలో ఆర్ట్ విభాగంలో పని. నారింజపళ్ల సంచీ రెండు చేతులతో అందించి, కూచోమనేదాకా నిలబడే ఉంది. ఆమె గొంతు వినగానే సుత్‌యింగ్‌కి ఒక పలక గుర్తొచ్చింది. ఒకటికి ఒక అడ్డగీత, రెండుకి రెండు, మూడుకి మూడు అని నేర్పితే, నాలుగుకి వేరే అక్షరం ఉందనే దాకా ఆగకుండా నాలుగు గీతలు గీసి, ఐదుకి కూడా సిద్ధమైన పిల్ల ఈమే.

కొరీన్ చెప్పిన సంగతి ఇదీ. నెల కిందట ఎవరో కుర్రకారు పాత అంతరిక్షం సినిమాని ఒకచోట ఆపి, ఆ తలుపు మీదున్నది చదివి, ఇంటర్నెట్‌లో పెట్టారు. నీలం గిన్నె సంగతి లక్షల మంది చదివి నవ్వారు. తన ఉత్తరం ఎదురింటివాళ్లు చదివినట్టు సుత్‌యింగ్ చెవులు ఎర్రబడ్డాయి. కొరీన్ పనిచేసే సినిమా కంపెనీకి మాత్రం భయం పట్టుకుంది. వాళ్లిప్పుడు తీస్తున్నది హాంగ్‌కాంగ్ కథ. నటులందరూ ఆసియావాళ్లే. అచ్చమైన మన కథ, అచ్చమైన మన వీధి అని ఊరంతా పోస్టర్లు వేశారు. ఆ వీధిలో ఉన్న పద్నాలుగు రాతలూ బింగ్‌ఫైవే. తెలిసిన మనిషి ఒక్కొక్కటీ చదివి, సరేనని సంతకం పెట్టాలి. ఒక్క అక్షరం తప్పున్నా దాన్ని చెరిపేసి, కంప్యూటరు అక్షరాల పలక బిగించేస్తారు. పలకలు తయారుగా ఉన్నాయి.

"మరి నువ్వున్నావుగా" అంది సుత్‌యింగ్.

"నన్నే చూడమన్నారు టీచర్. నా ముఖం చూసి నాకు చదవడం వచ్చనుకున్నారు. నాకు వచ్చింది కొండ, నోరు, మూడు దాకా అంకెలు. పెద్ద ఉద్యోగం ఇస్తున్నారు కదాని నేనూ నోరు మూసుకున్నాను."

"నాలుగు రాదా?"

కొరీన్ టీ కప్పులోకి చూసింది. "నాలుగు దగ్గరే కదా మీరు ఎర్ర పెన్సిలు తీశారు."

కొరీన్ తెచ్చిన ఫోటోలు పదమూడే ఉన్నాయి. పద్నాలుగోది బోర్డు కాదు, పెద్ద గోడ. బింగ్‌ఫై పోయిన నాటి నుంచీ వానకి తడవకుండా దాని మీద టార్పాలిన్ కట్టే ఉంచారు. సుత్‌యింగ్ కళ్లజోడు తుడుచుకుని పదమూడూ బల్ల మీద పరిచింది. దర్జీ కొట్టు మీద దర్జీ కొట్టనే ఉంది. తాకట్టు కొట్టు మీద తాకట్టు కొట్టనే ఉంది. పళ్ల డాక్టరు నిజంగానే పళ్ల డాక్టరు. రెండుసార్లు చదివింది, మూలల్లో భూతద్దం పెట్టి వెతికింది. ఎక్కడా ఒక గిన్నె పగల్లేదు, ఎవరి అత్తగారూ రాలేదు. తప్పు లేని పదమూడు రాతలు చూసి టీచరుకి కోపం రావడం అదే మొదటిసారి. ఆఖరి సినిమాలో ఆయన తనతో ఏమీ మాట్లాడలేదా?

సంతకం పెట్టకుండానే, గోడ చూడాలి అంది.

ఆ మర్నాడు తాక్‌సాంగ్ సూపు గిన్నెతో వచ్చాడు. బింగ్‌ఫైకి ప్రాణ స్నేహితుడు, సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు, డెబ్భై ఎనిమిదేళ్లు. ముప్ఫై ఒక్క సినిమాల్లో చచ్చిపోయాడు. జపాను నౌకాధిపతిగా మునిగిపోయాడు, కొరియా తాతగా గుండె ఆగి పోయాడు, మంగోలుగా రెండుసార్లు బాణం తగిలి పోయాడు. తాను పుట్టిన తోయ్‌సాన్ మనిషిగా మాత్రం ఎవరూ ఒక్కసారీ చంపలేదు. ఈ సినిమాలో తొలిసారి తోయ్‌సాన్ ముసలివాడి వేషం దొరికింది. అందులో చావు లేదు. పైగా ఒక డైలాగుంది. నలభై మూడేళ్లలో మొదటి డైలాగు. దానికి యాస నేర్పడానికి టొరంటో నుంచి పాతికేళ్ల కుర్రాణ్ణి పిలిపించారు.

"వాడు నా తోయ్‌సాన్ యాస సరిగ్గా లేదంటాడు వదినా. మా అమ్మ నేర్పింది తప్పని నాకు రోజూ గంటసేపు పాఠం."

"నేర్చుకో. ఈ వయసులో గురువు దొరికాడు."

పదమూడు రాతల సంగతి ఆవిడ ఎత్తలేదు. తాక్‌సాంగే ఎత్తాడు. నవంబరులో సెట్టు మీద టీ తాగుతూ, ఒక్క హాస్యం కూడా రాయవేమిరా అని తను అడిగాడట. ఇన్నాళ్లూ హాల్లో కూచున్నవాళ్లలో చదవడం వచ్చింది మా ఆవిడకి ఒక్కదానికే అన్నాడట బింగ్‌ఫై. ఈసారి మనవాళ్లంతా వస్తారు, అంతా చదువుతారు, వాళ్ల ముందు తిన్నగా రాయాలి కదా అన్నాడట.

"ఆ గోడ మీద ఏం రాశాడు?"

తాక్‌సాంగ్ సూపు గిన్నె మూత సర్దాడు. అది మీరే చదువుకోండి వదినా, నాకు కళ్లు సరిగా ఆనవు అన్నాడు. ముప్ఫై ఒక్కసార్లు చచ్చిన నటుడే గాని ఆ అబద్ధం మాత్రం రక్తి కట్టలేదు.

గురువారం పొద్దున్న కొరీన్ కారులో బర్నబీలో వేసిన సెట్టుకి తీసుకెళ్లింది. బయల్దేరే ముందు సుత్‌యింగ్ వంటింట్లో చాప్‌స్టిక్స్ పెట్టే సీసాలోంచి ఆయన బోర్డులు రాసే కుంచె తీసి సంచీలో వేసుకుంది. ఎందుకో తనకీ తెలియదు. ఆరు బయట, కర్రతోనూ సున్నంతోనూ షాంఘై స్ట్రీటు నిలబడి ఉంది. వెనక వైపు ఇళ్లు లేవు, గుంజలే ఉన్నాయి. ముందు నుంచి చూస్తే మాత్రం ఆవిడ కాళ్లు వాటంతటవే ఎడమ పక్కకి తిరిగాయి. పెళ్లికి ముందు, హాంగ్‌కాంగ్‌లోని అసలు వీధిలో, ఆయన గురువు కొట్టు అటువైపే ఉండేది.

టార్పాలిన్ విప్పారు. పన్నెండడుగుల గోడ. కంపెనీ అడిగింది ఏదో ఒక దగ్గు మందు ప్రకటన. పై నుంచి కిందకి, లావుగా, ఎక్కడా చెయ్యి వణకకుండా రాసి ఉంది:

సుత్‌యింగ్ మార్కు దగ్గు మందు
చేదు ఎక్కువ
నలభై ఒక్క ఏళ్లుగా రోజూ పుచ్చుకుంటున్నాను
దగ్గు లేదు

సుత్‌యింగ్ మొదటి సారి చదివింది. రెండో సారి టీచరులా చదివింది. ప్రకటన ప్రకటనలాగే ఉంది, ఆ కాలపు దగ్గు మందులన్నీ అలాగే గొప్పలు చెప్పుకునేవి, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒక్క మంచు అక్షరం దగ్గర తప్ప. వానలో చినుకులు మూడే ఉన్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట తెల్లటి సున్నం.

ఆర్ట్ డైరెక్టర్ కాలిఫోర్నియా నుంచి వచ్చిన పొడుగాటి మనిషి. ఎలా ఉందండీ, తప్పేమైనా ఉందా అని మర్యాదగా అడిగాడు. అతని వెనక ఇద్దరు పనివాళ్లు కంప్యూటరు పలక పట్టుకుని నిలబడ్డారు. పలక మీద చినుకులు నాలుగూ ఉన్నాయి, అన్నీ ఒకే కొలతలో.

కొరీన్ ఆవిడ ముఖం చూసి పక్కకి తీసుకెళ్లింది. విషయం విని, బింగ్‌ఫై ఆఖరి రోజుల పనుల కాగితం వెతికి చూపించింది. పద్నాలుగో రాతకి ఎదురుగా, ఇంగ్లీషులో, ఆయన చేతిరాత: కొంచెం మిగిలింది.

"కొంచెం అంటే ఆ చుక్కేనేమో టీచర్. పెట్టడానికే ఆ రోజు వస్తున్నారేమో. మనవాళ్లంతా చదువుతారన్నారుగా."

సుత్‌యింగ్ ఆ చేతిరాతని మళ్లీ చూసింది. మిగిలింది చుక్కే కావచ్చు. అంచుకి వేసే గీత కావచ్చు, తుది పూత కావచ్చు. నలభై ఒక్క ఏళ్ల తగువులో ఆయన ఓటమి ఒప్పుకోడానికి ఆ పొద్దున్న బూటు వేసుకున్నాడో లేదో చెప్పగలిగిన మనిషి ఒక్కడే.

"మీరే పెట్టేయండి. ఒక్క చుక్క. సరైపోతుంది, గోడ ఉంటుంది, పలక వెనక్కి పోతుంది" అంది కొరీన్. నల్ల రంగు డబ్బా తెచ్చింది, నిచ్చెన వేయించింది, తనే పట్టుకుంది.

సుత్‌యింగ్ మూడు మెట్లెక్కింది. కుంచె ముంచి, డబ్బా అంచుకి రెండుసార్లు ఒత్తి రంగు కార్చింది. ఆయన ఎప్పుడూ అలాగే చేసేవాడు. దగ్గర్నుంచి చూస్తే మూడు చినుకులూ ఒకే ఊపులో వేసినవని తెలుస్తోంది. నాలుగోది అదే ఊపులో పడి ఉండాలి. ముప్ఫై మూడేళ్లలో ఎన్ని వేల పలకల మీద ఆ చుక్క పెట్టిందో లెక్క లేదు. చెయ్యి లేచింది.

కింద తాక్‌సాంగ్ వేషం వేసుకుని డైలాగు వల్లిస్తున్నాడు. గోడ ముందు ఆగి, గొంతు సవరించుకుని, మందుల కొట్టువాణ్ణి ఒక్క ప్రశ్న అడగాలి. అంతే డైలాగు. కొట్టువాడి వేషగాడు ఇంకా రాలేదు. ఒకసారి టొరంటో యాసలో అన్నాడు. తల అడ్డంగా ఊపుకున్నాడు. దగ్గాడు. రెండోసారి వాళ్లమ్మ యాసలో అడిగాడు.

"ఈ మందు పనిచేస్తుందా?"

"చేసింది" అంది సుత్‌యింగ్ నిచ్చెన మీద నుంచి.

అన్నాక గాని తను మాట్లాడినట్టు ఆవిడకి తెలియలేదు. కింద తాక్‌సాంగ్ నోరు తెరిచి అలాగే నిలబడ్డాడు. కుంచె కొసన రంగు ఒక బొట్టుగా ఊరి, గోడ మీద పడకుండా, ఆవిడ బూటు మీద పడింది.

సుత్‌యింగ్ మూడు మెట్లూ దిగి, కుంచె గుడ్డతో తుడిచి, ఆ కాగితం ఇమ్మంది. పదమూడు వరసల్లోనూ సరే అని రాసి సంతకం పెట్టింది. పద్నాలుగో వరసలో, తప్పు ఉందా అన్న గడిలో, ఉంది అని రాసింది. అబద్ధం రాయడం ఆవిడకి చేత కాదు. సరిదిద్దాలా అన్న గడిలో, ఇంకా వద్దు అని రాసింది. కారణం అన్న గడి మిగిలింది. మాటలు ఏరుకుని, షాంఘై స్ట్రీటులో నేర్చుకున్న మనిషి ఈ అక్షరాన్ని ఇలాగే రాసేవాడు, నాకు తెలుసు, అని రాసింది. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు.

ఆవిడ పైకి చదివితే కొరీన్ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. ఆర్ట్ డైరెక్టర్ ముఖం వెలిగిపోయింది. ఇదీ మాకు కావాల్సింది, ఇలాంటి నిజం ఏ కంప్యూటరు ఇస్తుంది అన్నాడు. పలక పట్టుకున్నవాళ్లని వెనక్కి పంపేశాడు. సాయంత్రానికల్లా సెట్టు మీద ఎవరు కనపడినా ఆపి, షాంఘై స్ట్రీటు మంచుకి మూడే చినుకులని వివరించడం మొదలుపెట్టాడు.

"అందరికీ అలాగే చెబుతున్నాడు టీచర్. సినిమా పుస్తకంలో కూడా వేయిస్తాడట" అంది కొరీన్, కారులో.

"వేయించనీ. మా ఆయన సాధించింది ఇదొక్కటే."

కొంచెం దూరం పోయాక సుత్‌యింగ్, శనివారం పదింటికి బడికి రమ్మంది. నాలుగు దగ్గర్నుంచి మొదలుపెడదాం అంది. కొరీన్ పెద్దవాళ్లకి కూడా ఎర్ర పెన్సిలేనా అని అడిగింది. ఎర్ర పెన్సిలే.

సినిమా మళ్లీ చలికాలానికి వచ్చింది. గోడ నాలుగు క్షణాలు కనిపిస్తుంది. తాక్‌సాంగ్ దాని ముందు ఆగి, తిరిగి, అడుగుతాడు. ముఖం అతనిదే, గొంతు మాత్రం టొరంటో కుర్రాడిది. యాస స్పష్టంగా ఉండాలని డబ్బింగ్ చెప్పించారు. తాక్‌సాంగ్ పక్క సీట్లోంచి వంగి, ఈసారి చంపకుండా గొంతు మాత్రమే తీసుకున్నారు వదినా, మెరుగే అన్నాడు. హాలు నిండా మనవాళ్లే. గోడ కనపడగానే ముందు వరసల్లో ఎవరో ముసలావిడ చేదు ఎక్కువ అని పైకి చదివి పకపకా నవ్వింది. ఆ నవ్వు వెనక వరసల దాకా పాకింది. సుత్‌యింగ్ ఎండు రేగుపండు చప్పరిస్తూ, కొక్కేలన్నీ బలంగానే ఉన్నాయనుకుంది.

మర్నాటికి ఇంటర్నెట్‌లో మంచుకి మూడు చినుకులేమిటని తగువు మొదలైందట. ఆసియావాళ్ల సినిమా అని చెప్పుకుంటూ అక్షరం కూడా సరిగా రాయించుకోలేరా అని కొందరు, అది షాంఘై స్ట్రీటు పద్ధతి, తెలియకపోతే ఊరుకోండి అని కొందరు. కొరీన్ శనివారం బడికి వచ్చినప్పుడు అవి చదివి వినిపించింది. సుత్‌యింగ్ ఆమె పలక అందుకుని చూసింది. నాలుగు సరిగ్గా ఉంది. మంచు కూడా రాసింది, చినుకులు నాలుగూ ఉన్నాయి. ఎర్ర పెన్సిలు పెట్టడానికి ఏమీ దొరకలేదు.

రాయి చెక్కేవాడు ఈ వారం మళ్లీ ఫోను చేశాడు. కాగితం చక్కెర సీసా కిందే ఉంది. నాలుగో చినుకు ఇంకా పెట్టలేదు.